పాత ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ కెమెరాను ఎంచుకుని, పరీక్షించి, మళ్లీ పనిలో పెట్టడం ఎలా?

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వంటి పట్టణాలలో ముప్పై నలభై ఏళ్లుగా నడుస్తున్న ఫోటో స్టూడియోలలో అడిగి చూస్తే, బీరువా లోపలి అరలో తోలు సంచితో సహా పెట్టేసిన ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ కెమెరా ఇప్పటికీ దొరికే అవకాశం ఉంది. 2000 తర్వాతి దశాబ్దంలో పెళ్లి ఫోటోల పని డిజిటల్‌కు మారినప్పుడు ఆ కెమెరాలలో చాలావాటిని పాడైనందువల్ల కాక, పని లేనందువల్ల పక్కన పెట్టారు. అటువంటి కెమెరాను కొని, పరీక్షించి, మళ్లీ రీలు ఎక్కించి ఫోటోలు తీయాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. అద్దాల అల్మరాలో వరుసగా పేర్చుకోవడానికి పది కెమెరాలు కొనడం కంటే, పనిచేసే ఒక్కదానిని కొని నెలకొక రీలైనా నడపడం మేలు. కదలని యంత్రంలో నూనె గట్టిపడుతుంది, గాలి ఆడని లెన్సుకు ఫంగస్ పడుతుంది, మన ప్రాంతపు ఎండలూ వానలూ ఆ రెండింటినీ త్వరపెడతాయి. కాబట్టి సేకరణ నిలవాలంటే వాడకం తప్పనిసరి.

ఏ కెమెరా కొనాలో ముందు తేల్చుకోండి

ఎస్ఎల్ఆర్ అంటే ఫోటో తీసే లెన్సులోంచే దృశ్యాన్ని మన కంటికి చూపించే కెమెరా. లెన్సు వెనుక ఏటవాలుగా ఉన్న అద్దం వెలుగును పైకి మళ్లిస్తుంది, పైనున్న గాజు పట్టకం ఆ బొమ్మను సరిచేసి కంటికి చేరుస్తుంది, మీట నొక్కగానే అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, వెలుగు రీలు మీద పడుతుంది. ఈ పనులన్నీ స్ప్రింగులతో, పళ్ల చక్రాలతో జరిగితే అది మెకానికల్ కెమెరా. షట్టర్‌ను సర్క్యూటు నడిపిస్తే అది ఎలక్ట్రానిక్ కెమెరా. మొదటిసారి కొనేవారు మెకానికల్ కెమెరానే కొనాలన్నది నా గట్టి సలహా, ఎందుకంటే దానిలో బ్యాటరీ అయిపోతే ఆగేది వెలుగును కొలిచే లైట్ మీటర్ మాత్రమే, ఫోటో తీయడం ఆగదు. 1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1 చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే దాని షట్టర్ కదలదు, లోపలి సర్క్యూటు పోతే కొత్తది తయారుచేసేవారు లేరు.

పెంటాక్స్ కె1000 నేర్చుకునేవారికి అన్నివిధాలా తగినది. 1976 నుంచి 1997 వరకు తయారైన ఈ కెమెరాలో ఒక సెకను నుంచి 1/1000 సెకను వరకు షట్టర్ వేగాలు, సూది ఊగే లైట్ మీటర్ తప్ప అదనపు హంగులేవీ లేవు. దానిలో మీటర్‌కు వేరే స్విచ్ లేదు కనుక, వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టకపోతే బ్యాటరీ కరిగిపోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. 1977 నాటి నైకాన్ ఎఫ్ఎం, 1982లో వచ్చి 1/4000 సెకను వేగాన్ని అందుకున్న ఎఫ్ఎం2 ఇంకా దృఢమైనవి, ధర కూడా అందుకు తగినట్టే ఎక్కువ. యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000 తేలికైనది, నమ్మదగినది. దాని పైతొడుగు పొడిగా రాలిపోవడం సర్వసాధారణం, అది లోపమని వదిలేయవద్దు, బేరానికి మాత్రం పనికొస్తుంది. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో 1965 నుంచి తయారైన జెనిత్-ఈ బరువైనది, మొరటైనది, దాని వేగాలు 1/30 నుంచి 1/500 వరకే. అయినా దాని లైట్ మీటర్ వెలుగు తగిలితే తానే కరెంటు పుట్టించే సెలీనియంతో నడుస్తుంది కాబట్టి బ్యాటరీ అవసరమే లేదు, దానితో వచ్చే 58 మి.మీ. హీలియోస్ లెన్సు వెనుక దృశ్యాన్ని సుడి తిరిగినట్టు మసకబరిచే తీరు మరో లెన్సులో సులభంగా దొరకదు.

ఏదో ఒక లెన్సు బిగింపును ఎంచుకుని దానికే కట్టుబడండి. పెంటాక్స్ లెన్సు నైకాన్‌కు ఎక్కదు, నైకాన్‌ది యాషికాకు ఎక్కదు. ఒకే బిగింపులో ఉంటే రేపు కొనే రెండో బాడీకి (లెన్సు తప్ప మిగతా కెమెరాకు) కూడా మీ 50 మి.మీ. లెన్సు పనికొస్తుంది.

ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

హైదరాబాద్‌లోని జుమ్మెరాత్ బజార్‌లోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ అప్పుడప్పుడు కెమెరాలు కనిపిస్తాయి కానీ, వాటి చరిత్ర అమ్మేవారికి తెలియదు. పాత స్టూడియో యజమాని దగ్గర కొంటే కెమెరాతో పాటు దాని కథ కూడా వస్తుంది. ఏ సంవత్సరం కొన్నారు, ఏయే భాగాలు మార్పించారు, చివరిసారి రీలు ఎప్పుడు వేశారు అని అడిగి, అక్కడికక్కడే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వెళ్లీ వెళ్లగానే ధర అడగవద్దు. ఆ కెమెరాతో ఆయన పాతికేళ్లు పెళ్లిళ్లు, పురుళ్లు, జాతరలు తీసి ఇల్లు నడుపుకొని ఉంటారు. ముందు దానిని చేతిలోకి తీసుకుని, ఎలా వాడాలో ఆయన చేతే చూపించుకుంటే, దానిని వాడబోయేవారికి ఇస్తున్నానన్న నమ్మకం ఆయనకు కలుగుతుంది. ఫ్లాష్, అదనపు లెన్సులు, ఫిల్టర్లు, రీలు కడిగే ట్యాంకు కూడా అదే బీరువాలో ఉంటాయి, అడగకపోతే బయటికి రావు.

ఆన్‌లైన్‌లో కొనేటట్లయితే, వెనుక తలుపు తెరిచి ఒక సెకను, 1/30, 1/1000 వేగాలలో షట్టర్ కొడుతున్న వీడియో, లెన్సులోంచి టార్చి వెలుగు పంపుతూ తీసిన ఫోటో తప్పక కోరండి. పరీక్షించలేదని అమ్మేవారు రాస్తే, పనిచేయని కెమెరాగానే లెక్కవేసి ధర కట్టండి.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

ఈ పరీక్షకు చిన్న టార్చి, ఒక చిన్న బ్యాటరీ, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ ఉంటే చాలు. తొందరపడకుండా ఈ వరుసలోనే చూడండి.

మొదట లెన్సును విప్పి, వెలుగు వచ్చే రంధ్రమైన అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఒక వైపునుంచి టార్చి వేసి రెండో వైపునుంచి ఏటవాలుగా చూడండి. సన్నని వేర్లలా, సాలెగూటి పోగుల్లా పాకినట్టు కనిపిస్తే అది ఫంగస్. గాజు అంతా పొగ పట్టినట్టు ఉంటే లోపలి నూనె ఆవిరై పేరుకున్నదని అర్థం. అంచున చిన్న ఫంగస్ మచ్చ ఉంటే ఫోటోపై పెద్దగా ప్రభావం ఉండదు, విప్పి తుడిపించవచ్చు. కానీ అది గాజు పూతను తినేసి ఉంటే తుడిచినా గుర్తు పోదు. దుమ్ము రేణువులను పట్టించుకోకండి, పాలమూరు గాలిలో తిరిగిన లెన్సులో అవి లేకపోతేనే ఆశ్చర్యం. తర్వాత అపర్చర్‌ను చిన్న రంధ్రానికి తిప్పి, దాని రెక్కలను చూడండి. లెన్సు వెనుక ఉన్న చిన్న మీటను కదిపి వదలగానే రెక్కలు చటుక్కున మూసుకోవాలి. వేసవి వేడికి ఫోకస్ రింగులోని గ్రీజు పలచబడి రెక్కల మీదికి పాకడం మన ప్రాంతపు లెన్సులలో తరచుగా ఎదురయ్యే లోపం. అప్పుడు రెక్కలు నూనె మెరుపుతో కనిపిస్తాయి, బద్ధకంగా కదులుతాయి, ఫోటోలు ఉండవలసినదాని కంటే తెల్లగా వస్తాయి.

ఆ తర్వాత బాడీ వంతు. వెనుక తలుపు తెరిచి, లెన్సు లేకుండా, ఒక్కో వేగంలోనూ షట్టర్ కొట్టి చూడండి. ఒక సెకను వేగంలో షట్టర్ నిజంగా ఒక సెకను తెరుచుకుని ఉండాలి. మధ్యలో తడబడినా, మూసుకోకుండా ఆగిపోయినా లోపలి నూనె గట్టిపడిందని తెలుసుకోవాలి, దానికి సర్వీసింగ్ కావాలి. 1/1000 దగ్గర కెమెరాను తెల్లని ఆకాశం వైపు పట్టి వెనుకనుంచి చూస్తే వెలుగు దీర్ఘచతురస్రం ఒక్క క్షణం నిండుగా మెరవాలి. ఒక పక్క చీకటిగా కనిపిస్తే షట్టర్‌లోని రెండు తెరలు ఒకే వేగంతో పరుగెత్తడం లేదన్నమాట. గుడ్డ తెర ఉన్న కెమెరాలలో చీకటి గదిలో ముందునుంచి టార్చి వేసి, సూది బెజ్జాలు ఉన్నాయేమో కూడా చూడాలి. అది చూసేటప్పుడు అద్దం పైకి లేచి ఉండాలి, లేకపోతే వెలుగు తెరను చేరదు.

వెనుక తలుపు అంచుల్లో, అద్దం పైన ఉండే నల్లని స్పాంజి పట్టీలు ముట్టుకోగానే తారులా వేలికి అంటుకుంటే కంగారు పడనవసరం లేదు. దాదాపు అన్ని పాత కెమెరాలలోనూ అవి కరిగిపోతాయి, మార్చడం తేలిక. చివరగా బ్యాటరీ వేసి, నీడలో ఉన్న గోడ వైపు మీటర్ చూపించి, ఫోన్ యాప్ చెప్పిన అంకెతో పోల్చండి. అర స్టాపు తేడా పరవాలేదు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). మీటర్ అసలే చచ్చిపోయినా, షట్టర్, లెన్సు బాగుంటే నేనైతే కొంటాను, ధర మాత్రం తగ్గించమంటాను. ఫంగస్ తిన్న లెన్సు, తడబడే షట్టర్ రెండూ ఉన్న కెమెరాను ఊరికే ఇచ్చినా విడి భాగాలకోసం తప్ప తీసుకోవద్దు, సర్వీసింగ్ ఖర్చు చాలాసార్లు కెమెరా ధరను దాటిపోతుంది.

ఇంటికి తెచ్చాక చేయవలసిన శుభ్రత

బ్యాటరీ గదిలో పచ్చని తుప్పు ఉంటే, దూది పుల్లను వెనిగర్‌లో ముంచి, పిండి, మెల్లగా రుద్ది, తర్వాత పొడి పుల్లతో తుడవండి. కరిగిన స్పాంజిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెక్క పుల్లతో గీకి తీసి, ఆ కొలతకు కత్తిరించిన కొత్త స్పాంజి పట్టీలు అతికించండి. ఈ పని చేసేటప్పుడు ముక్కలు షట్టర్ మీద పడకుండా కాగితం అడ్డు పెట్టాలి. లోపలి అద్దాన్ని, దాని పైనున్న ఫోకస్ తెరను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తుడవవద్దు. అద్దం పూత పైభాగానే ఉంటుంది, ఒక్కసారి బట్ట తగిలినా గీతలు పడతాయి. గాలి బుడ్డితో ఊదడం వరకే మీ పని.

బ్యాటరీ విషయంలో ఒక చిక్కు ఉంది. ఒలింపస్ ఓఎం-1, 1966 నాటి మినోల్టా ఎస్ఆర్‌టీ-101 వంటివి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారయ్యాయి, ఆ బ్యాటరీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అదే కొలతలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే మీటర్ తప్పుడు లెక్క చెబుతుంది. చెవిటి మిషన్లకు వాడే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ ఒక రబ్బరు రింగు పెడితే గదిలో సరిపోతుంది. పై కాగితం పీకిన తర్వాత అది కొన్ని వారాలే పనిచేస్తుంది, కానీ ధర తక్కువ. కె1000, ఎఫ్ఎం, ఎఫ్‌ఎక్స్-3 వంటివాటికి ఈ బాధ లేదు, గడియారాల దుకాణంలో దొరికే ఎల్ఆర్44 సరిపోతుంది, వోల్టేజి నిలకడగా ఉండే ఎస్ఆర్44 దొరికితే మరీ మంచిది.

రీలు ఎక్కించడం

ఎండలో నిలబడి రీలు ఎక్కించవద్దు, కనీసం మీ శరీరపు నీడలోనైనా చేయండి. రీలును వెనక్కి చుట్టే రివైండ్ మీటను పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. రీలు డబ్బాను ఎడమ గదిలో పెట్టి, మీటను కిందికి నొక్కి, ఫిల్మ్ నాలుకను కుడివైపు చక్రపు చీలికలో దూర్చి, పళ్లు రెండు అంచుల బెజ్జాల్లోనూ కూర్చున్నాయని కళ్లారా చూసుకున్నాకే తలుపు మూయాలి. తర్వాత రివైండ్ మీటను సుతారంగా తిప్పి ఫిల్మ్‌ను బిగువు చేసి, రెండు ఖాళీ ఫ్రేములు కొట్టండి. రీలును ముందుకు జరిపే లివరు తిప్పిన ప్రతిసారీ రివైండ్ మీట దానంతటదే వెనక్కి తిరుగుతుంటే రీలు కదులుతున్నట్టు. అది తిరగకపోతే ముప్పై ఆరు ఫోటోలూ ఒక్కటి కూడా లేకుండా పోతాయి, కాబట్టి ప్రతి రీలుకూ ఈ ఒక్కటి చూసుకోవడం అలవాటు చేసుకోండి. చివరలో లివరు బిగిసిపోతే బలం వాడవద్దు. అడుగున ఉన్న బొత్తాం నొక్కి, ఫిల్మ్ పట్టు వదిలేదాకా రివైండ్ చేసి, ఆ తర్వాతే తలుపు తెరవాలి.

మన వెలుగును కొలవడం

మీటర్ ఉన్నా లేకపోయినా ఒక సూత్రం కంఠస్థం కావాలి. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్ 16 దగ్గర పెట్టి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), షట్టర్ వేగాన్ని రీలు ఐఎస్ఓ అంకెకు, అంటే రీలు వెలుగుకు ఎంత చురుకో చెప్పే అంకెకు, దగ్గరగా ఉంచితే ఎక్స్‌పోజర్, అంటే రీలు మీద పడే వెలుగు, సరిగా వస్తుంది. ఐఎస్ఓ 200 రీలుకు అది 1/250. చెట్టు నీడలోకి, ఇంటి అరుగు మీదికి వస్తే మూడు స్టాపులు తెరిచి ఎఫ్ 5.6 పెట్టాలి. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం ఈ సూత్రం ప్రకారం ఫోటో వస్తుంది కానీ, ముఖాల మీద కళ్ల కింద నల్లని నీడలు పడతాయి, మనుషులను తీయాలంటే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరండి.

మీటర్ తాను చూసినదంతా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుంటుంది. నల్లగొండ జిల్లాలో పత్తి పగిలిన చేనును చూపిస్తే, ఆ తెలుపు చూసి వెలుగు ఎక్కువైందని భ్రమపడి తక్కువ ఎక్స్‌పోజర్ చెబుతుంది, పత్తి మురికి రంగులో వస్తుంది. అక్కడ ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి. తెల్ల ధోవతి, తెల్ల తలపాగా ధరించిన రైతును తీసేటప్పుడు మీటర్‌ను ఆయన ముఖం దగ్గరికి తీసుకెళ్లి చదివి, వెనక్కి వచ్చి తీయండి. కలర్ నెగటివ్ రీలు ఒక స్టాపు ఎక్కువ వెలుగును సులభంగా భరిస్తుంది, తక్కువ వెలుగును భరించదు. అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా ఎక్కువ వైపే మొగ్గండి.

సాధనకు ఈ ప్రాంతంలో చోట్లకు కొదవ లేదు. నల్లగొండ పక్కనే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం నీడను గమనించడం నేర్పే గుడి, అక్కడ గర్భగుడిలో రోజంతా నిలిచే నీడ స్తంభాల అమరికవల్ల ఏర్పడుతుంది. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల ఎర్ర ఇసుకరాయి సాయంత్రపు ఎండలో ఎంతో బాగుంటుంది, కానీ మండపం లోపలికి అడుగుపెట్టగానే వెలుగు ఆరేడు స్టాపులు పడిపోవచ్చు. అక్కడికి ఐఎస్ఓ 400 రీలు వెంట ఉంచుకుని, స్తంభానికి ఆనుకుని 1/30 సెకనుతో తీయండి. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి, గర్భగుడిలో ఫోటో తీయవచ్చా అని పూజారి గారిని అడిగాకే కెమెరా ఎత్తాలి. పాలమూరు పిల్లలమర్రి కింద ఊడల నడుమ ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. అక్కడ ఎండ పడినచోటు ఒకసారి, నీడ ఒకసారి చదివి మధ్య అంకెను తీసుకోవడమే మార్గం.

రీలు కడగడం

రీలు, కడగడం, స్కానింగ్ కలిపితే ఈరోజుల్లో వెయ్యి రూపాయలు దాటుతుంది, కలర్ రీలును హైదరాబాద్‌కో ఇతర నగరాలకో పంపవలసి వస్తుంది. నలుపు తెలుపు రీలును మాత్రం ఇంట్లోనే కడుక్కోవచ్చు, దాని ఆనందం వేరు. నల్లని సంచిలో చేతులు పెట్టి రీలును ట్యాంకు చట్రానికి చుట్టి మూత పెట్టాక, మిగతా పనంతా వెలుగులోనే జరుగుతుంది. బొమ్మను తేల్చే డెవలపర్, దానిని నిలిపే ఫిక్సర్ అనే రసాయనాలను వరుసగా పోసి, చివర నీళ్లతో కడగడమే ఆ పని.

మన ఊళ్లలో అసలు సమస్య నీళ్ల వేడి. డెవలపర్‌కు ప్రమాణంగా చెప్పే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్, మే నెలలో మన కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటి ఉంటాయి. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలుకు డి-76 డెవలపర్‌ను ఒకటికి ఒకటి నీళ్లతో కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది. ఐసు ముక్కలు వేసిన బకెట్లో సీసాలు నిలబెట్టి 24 డిగ్రీలకు తెచ్చినా చాలు, అప్పుడు సమయాన్ని సుమారు ఏడున్నర, ఎనిమిది నిమిషాలకు తగ్గించాలి. నీళ్లు కలపని చిక్కటి డెవలపర్‌ను వేసవిలో వాడితే సమయం ఐదు నిమిషాలకు పడిపోయి మరకలు మరకలుగా కడుగుతుంది, అందుకే కలిపి వాడమంటున్నాను. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ దాదాపు ఒకే వేడిలో ఉండాలి.

చివర నీళ్లతో కడిగేటప్పుడు కుళాయి కింద అరగంట వదలవలసిన పని లేదు. ఇల్‌ఫోర్డ్ సూచించిన పద్ధతిలో ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోసి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు తిరగేస్తే సరిపోతుంది. నీటి విలువ తెలిసిన మన జిల్లాలకు ఇది చక్కగా అమరే పద్ధతి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, వాటితో ఆరిన నెగటివ్ మీద తెల్లని మచ్చలు మిగులుతాయి. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో చివరిసారి ముంచి, దుమ్ము తక్కువగా ఉండే స్నానాల గదిలో క్లిప్పు వేసి వేలాడదీయండి.

దాచడం

తోలు సంచి నుంచి కెమెరాను ఇంటికి తెచ్చిన రోజే బయటికి తీయండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అంతకంటే అనుకూలమైన చోటు లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంచి, రంగు మారినప్పుడల్లా వాటిని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడండి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఈ డబ్బాను వదలవద్దు. ఫంగస్ ఉన్న లెన్సును మిగతావాటితో కలిపి పెట్టవద్దు. వేసవిలో రేకుల కప్పు కింద, పై అరలో, ఆపి ఉంచిన కారులో కెమెరాను గానీ రీలును గానీ ఉంచకూడదు. రీళ్లను వాటి డబ్బాలతోనే ఫ్రిజ్‌లో పెట్టి, వాడే ముందు గంటా రెండు గంటలు బయట ఉంచి, చల్లదనం పోయాక మూత తీయాలి, లేకపోతే ఫిల్మ్ మీద తేమ పడుతుంది. షట్టర్‌ను ఎక్కుపెట్టి ఉంచవద్దు. రీలు లేకపోయినా నెలకొకసారి అన్ని వేగాలలోనూ నాలుగైదు సార్లు కొట్టి, లెన్సు రింగులను అటూ ఇటూ తిప్పండి. రెండు నెలలు వాడరని తెలిస్తే బ్యాటరీ తీసేయండి.

నెగటివ్‌లను ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి, పారదర్శకమైన కవర్లలో పెట్టి, కెమెరాల డబ్బాకు దూరంగా చల్లని గదిలో ఉంచండి. ఏ కెమెరా, ఏ లెన్సు, ఏ రీలు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది కవరు అంచున రాయాలి. ఆ రాత నెగటివ్‌ను లోపల పెట్టక ముందే పూర్తిచేయండి, లోపల ఉండగా పెన్నుతో ఒత్తి రాస్తే ఆ గీత ఫిల్మ్ మీద శాశ్వతంగా నిలిచిపోతుంది.